‘నీకు పడదు’ అన్న తీర్పు చెల్లదు

చిన్నప్పుడు అలవాటు కాని తిండి పెద్దయ్యాక నోటికి ఎక్కదన్న మాట తెలుగిళ్ళలో రుజువు అక్కర్లేని నిజంలా చెలామణీ అవుతోంది. నలభై దాటిన ఇల్లాలు ‘ఈ ఆదివారం ఎప్పుడూ వెళ్ళని హోటలుకి వెళ్దాం, ఎప్పుడూ తిననిది ఒకటి తిని చూస్తాను’ అందనుకోండి. భర్త, పిల్లలు, అత్తగారు, అందరిదీ ఒకటే జవాబు. ‘నీకవన్నీ పడవు. నువ్వు ఇడ్లీయో పెరుగన్నమో చెప్పుకో.’ ప్రేమతోనే అంటారు. అయినా అది తప్పు మాట. ఆచితూచి తినే మనిషికి ఆ జాగ్రత్త నుదుటి రాతేనని నచ్చజెప్పే మాట. వినగా వినగా ఆమె కూడా దాన్ని నమ్మేస్తుంది. మెనూ కార్డు తెరవకుండానే పక్కన పెట్టేస్తుంది.

ఈ నమ్మకానికి ఎదురు సాక్ష్యం కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. అదే ఇంట్లో యాభై అయిదేళ్ళ మగమనిషికి షుగరు ఉందని తేలిన నాటి నుంచి జరిగేది చూస్తే చాలు. మూడు పూటలా వరి అన్నం తిన్న మనిషి రాత్రికి పుల్కా తింటాడు. పొద్దున్నే రాగి జావ, మధ్యాహ్నం కొర్ర అన్నం, చక్కెర లేని కాఫీ. మొదటి వారం మొహం చిట్లిస్తాడు. నాలుగు నెలలు తిరిగేసరికి ఎవరింట్లోనైనా చక్కెర వేసిన కాఫీ ఇస్తే ‘ఇంత తీపా!’ అని గ్లాసు పక్కన పెడతాడు. అతని నాలుక చిన్నప్పుడే గట్టిపడిపోయిందని ఇంట్లో ఎవరూ అనలేదు. వంటిల్లంతా అతని కోసం మారింది. అవసరం మగమనిషిదైతే అరవై ఏళ్ళకైనా మారగలిగే నాలుక, సరదా ఇల్లాలిదైతే మాత్రం ఎందుకు మారదు?

ఉప్పు విషయంలో ఇదే మార్పును అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మోనెల్ అనే రుచి, వాసనల పరిశోధన కేంద్రం వాళ్ళు కొలిచి చూపించారు. కొందరు పెద్దవాళ్ళు అయిదు నెలల పాటు ఉప్పు తగ్గించిన భోజనం తిన్నారు. ఆ తర్వాత వాళ్ళకు నచ్చే ఉప్పు పాళ్ళే తగ్గాయి. 1982లో అచ్చయిన ఆ అధ్యయనంలో పాల్గొన్నది పసిపిల్లలు కాదు, ఎదిగిన మనుషులు.

అసలు తెలుగువాడి నాలుక చిన్నప్పటి నుంచీ మారనిదైతే ఆవకాయ ఎవరూ తినరు. మిరపలోని కాప్సైసిన్‌ది రుచి కాదు, మంట. ఒళ్ళు కాలినప్పుడు మేలుకునే నరాల మీదే అది పని చేస్తుంది. ఆ నరాల్లో కాప్సైసిన్‌ను పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. కాబట్టి ఏ పసిబిడ్డా కారాన్ని ఇష్టపడుతూ పుట్టదు. నెయ్యి వేసిన పప్పన్నంతో మొదలుపెడతాం. తర్వాత ఆవకాయ ముక్కను నీళ్ళలో కడిగి, చిన్నగా తుంచి, ముద్ద చివర అంటించి పెడతాం. బిడ్డ ‘హా హా’ అంటూ నీళ్ళు తాగుతుంది, మళ్ళీ నోరు తెరుస్తుంది. అలా ఎన్నో ముద్దలు అయ్యాకే కారం తినే మనిషి తయారవుతుంది. పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మెక్సికోలోని ఒక పల్లెలో సరిగ్గా ఇదే చూశాడు. అక్కడా పిల్లలు మూడేళ్ళ తర్వాత మెల్లమెల్లగా, పెద్దవాళ్ళ మధ్య కూచుని తింటూ మిరపకు అలవాటు పడతారు. ఆ ఊరి కుక్కలు, పందులు మాత్రం కారం కలిసిన ఎంగిలి రోజూ తింటున్నా, ఎంచుకునే వీలు ఇస్తే కారం లేనిదే ఎంచుకున్నాయి. మంటను ఇష్టంగా మార్చుకునే నేర్పు మనిషిది. ఆ నేర్పు అయిదో ఏటికే అయిపోతుందని ఎవరూ నిరూపించలేదు.

‘మన తిండి మనదే, తరతరాలుగా ఇదే’ అనేవాళ్ళు తద్దినం పెట్టే ఇంటి వంటగదిలోకి ఒకసారి తొంగి చూడాలి. చాలా కుటుంబాల్లో ఆ రోజు పచ్చిమిరపకాయ, టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ వాడరు. కారానికి మిరియాలు వేస్తారు. అది మిరప రాక ముందరి వంట జ్ఞాపకం. దక్షిణ అమెరికా, మెక్సికో ప్రాంతాల మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జీడిపప్పు, బొప్పాయి, జామ, సీతాఫలం, మొక్కజొన్న ఇవన్నీ కొలంబస్ ప్రయాణాల తర్వాతే, ఎక్కువగా పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి చేరాయి. అంటే గుంటూరు మిరపకు మన నేలతో ఉన్న బంధం మహా అయితే అయిదు వందల ఏళ్ళది. జొన్న, రాగి, అలసంద, చింతచెట్టు ఆఫ్రికా నుంచి వచ్చాయి, వాటి రాక ఇంకా పాతది. చింతపండు పులుసులో ఎండుమిర్చి తాలింపు వేసి, పల్లీల పచ్చడితో అచ్చ తెలుగు భోజనం తింటున్నామని మురిసిపోయే మనిషి మూడు ఖండాల తిండి తింటున్నాడు. వీటిలో ప్రతిదాన్నీ మొట్టమొదట ఎవరో ఒక తెలుగు మనిషి అనుమానంగా చూసి, వాసన పట్టి, కొంచెం నోట్లో వేసుకుని ఉండాలి. బహుశా ఆ మొదటి మనిషి వండే చేతి మనిషే, అంటే ఆడమనిషే. అప్పుడు ఆమె ‘మనకు పడదు’ అనుకుని ఉంటే ఇవాళ గుంటూరు కారం లేదు, పల్లీ పచ్చడి లేదు.

శ్రీనాథుడి పేరిట ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూటి మీద విసుగు తెలిసిందే. సన్నన్నం తిన్న కవికి ఆ ముద్ద గొంతు దిగలేదు. ఆ విసుగును పట్టుకుని వరి నాగరికమనీ, జొన్న మోటనీ అనుకున్న కాలం చాలా సాగింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక, జొన్నరొట్టె, సంకటి మీద పెరిగిన లక్షల మంది పెద్దవాళ్ళు రోజూ అన్నం తినే మనుషులయ్యారు. చిన్నప్పటి అలవాటు వాళ్ళను ఆపలేదు. మళ్ళీ ఇప్పుడు, ఐక్యరాజ్యసమితి భారత్ ప్రతిపాదన మీద 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక, అదే జొన్న, అదే రాగి, అదే కొర్ర పట్నం దుకాణాల్లో బియ్యాన్ని మించిన ధరకు అమ్ముడుపోతున్నాయి. ఒక్క మనిషి బతుకులోనే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారిన నాలుకలు తెలంగాణలో, రాయలసీమలో ఊరూరా ఉన్నాయి.

శాస్త్రం ఏమంటోంది? టొరంటో విశ్వవిద్యాలయంలో ప్యాట్రిషియా ప్లైనర్ 1982లో ఒక చిన్న ప్రయోగం చేసింది. కాలేజీ కుర్రాళ్ళకు వాళ్ళెప్పుడూ తాగని ఉష్ణమండలపు పండ్ల రసాలు రుచి చూపించింది. కొన్ని రసాలు అసలు ఇవ్వలేదు, కొన్ని అయిదు సార్లు, కొన్ని పది, కొన్ని ఇరవై సార్లు ఇచ్చింది. ఎక్కువసార్లు రుచి చూసినవే వాళ్ళకు ఎక్కువ నచ్చాయి. అదే ఏడాది లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలు రెండేళ్ళ పిల్లల్లోనూ ఇదే ధోరణి చూపించింది. ఆ తర్వాత 1987లో బర్చ్ బృందం ఇంకో అడుగు వేసింది. కొత్త తిండిని పిల్లలకు ఊరికే చూపించి, వాసన చూపించి వదిలేస్తే రుచి మీద ఇష్టం పెరగలేదు. నోట్లో పెట్టుకుంటేనే పెరిగింది. రోజుకో గంట ఫోనులో తిండి వీడియోలు చూస్తూ, హోటలుకి వెళ్ళాక మళ్ళీ మసాలా దోసే చెప్పే మనిషికి ఈ ఫలితం నేరుగా వర్తిస్తుంది. చూసిన ఇష్టం నాలుకకు చేరదు.

దీనికి ఎదురుగా ‘అంతా జన్యువుల్లో ఉంది’ అనే వాదం ఉంది. దాన్ని తీసిపారేయడం న్యాయం కాదు. 2007లో బ్రిటన్‌లో లూసీ కుక్ బృందం ఎనిమిది నుంచి పదకొండేళ్ళ కవల పిల్లలను పరిశీలించి, కొత్త తిండికి జంకే గుణంలో పిల్లలకూ పిల్లలకూ ఉన్న తేడాలో 78 శాతం వారసత్వం వల్ల వచ్చిందని లెక్క కట్టింది. చేదు పదార్థాల విషయంలో కూడా మనుషుల నాలుకలు పుట్టుకతోనే వేరు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాలిలో లేస్తే పక్కవాడికి చేదు తగిలింది, ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. అప్పటి నుంచి ఈ తేడాను శాస్త్రజ్ఞులు పరిశీలిస్తూనే ఉన్నారు. కాకరకాయ ఒకరికి అమృతం, మరొకరికి విషం అనిపించడం నటన కాదు. ఇంతవరకూ ఒప్పుకోవాల్సిందే. కానీ వారసత్వం చెప్పేది ఎవరు ఎక్కడ మొదలుపెడతారన్నదే. ఎక్కడ ఆగిపోవాలో చెప్పదు. అదే లూసీ కుక్ తర్వాత పిల్లల కోసం చేసిన పని చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఇష్టం లేని కూరగాయను బఠాణీ గింజంత, రోజూ, బలవంతం లేకుండా రుచి చూపించే పద్ధతిని ఆమె బృందం రూపొందించింది. వారసత్వాన్ని లెక్క కట్టిన మనిషే దాన్ని ఆఖరి తీర్పు అనుకోలేదు.

పెద్దయ్యాక మారినవాళ్ళ కథలూ ఉన్నాయి. జెఫ్రీ స్టైన్‌గార్టెన్ న్యాయశాస్త్రం చదివిన అమెరికన్. 1989లో ‘వోగ్’ పత్రికకు తిండి మీద రాసే ఉద్యోగంలో చేరినప్పుడు తనకు సహించని వాటి జాబితా రాసుకున్నాడు. అందులో కొరియన్ల కిమ్చీ ఉంది, భారతీయ వంటల హోటళ్ళ మిఠాయిలూ ఉన్నాయి. ఇన్ని అయిష్టాలతో ఈ పని చేయడం తగదని ఒక్కొక్కదాన్నే పదే పదే తింటూ పోయాడు. కిమ్చీ అతనికి ప్రాణమైపోయింది. 1997లో వచ్చిన అతని పుస్తకం మొదలయ్యేది ఈ కథతోనే. చిన్నతనమంతా కంచం ముందు మొరాయించిన స్టెఫనీ లూచానోవిచ్ పెద్దయ్యాక వంట పాఠశాలలో చేరింది, తిండి గురించి రాసే రచయిత్రి అయింది. తనలాంటి వాళ్ళకు కొన్ని తిండ్లు ఎందుకు సహించవో వెతుకుతూ 2012లో ఒక పుస్తకమే రాసింది.

ఇక్కడ ఒక పెద్ద అభ్యంతరం వస్తుంది. కొత్త తిండి అంటే నియమం తప్పడమేనని. ఆచారం, శాకాహారం, మొక్కు ఏదైనా కావచ్చు, అన్నీ గాలికి వదిలేయమనడమేనని. ఈ భయానికి జవాబు గాంధీ ఆత్మకథలో ఉంది. రాజకోటలో చదువుకునే రోజుల్లో స్నేహితుడి ప్రోద్బలంతో ఏటి ఒడ్డున మేక మాంసం తిన్నాడు. ఆ రాత్రి కడుపులో మేక అరుస్తున్నట్టే అనిపించిందని రాసుకున్నాడు. కానీ ఆ తర్వాత అదే స్నేహితుడు రుచిగా వండించి పెట్టేసరికి ఆ వంటకాలు నచ్చడం మొదలైందని కూడా దాచకుండా చెప్పాడు. మానేసింది నాలుకకు సహించక కాదు, తల్లిదండ్రులతో అబద్ధమాడలేక. తర్వాత 1888 సెప్టెంబరులో, మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి లండన్ ఓడ ఎక్కాడు. అక్కడ ఉప్పూకారం లేని ఉడకబెట్టిన కూరలు గొంతు దిగక అర్ధాకలితో గడిపాడు. శాకాహార హోటలు కోసం మైళ్ళ కొద్దీ తిరిగి, చివరికి ఫారింగ్‌డన్ వీధిలో ఒకటి కనిపెట్టి కడుపు నిండా తిన్నాడు. ఆ హోటల్లోనే శాకాహారం మీద హెన్రీ సాల్ట్ పుస్తకం కొన్నాడు. క్రమంగా మసాలాల మీద కోరిక పోయింది. మొదట్లో చప్పగా ఉందని నెట్టేసిన ఉడికించిన పాలకూర తర్వాత ఇష్టంగా తిన్నాడు. ఒకే మనిషి నాలుక రెండుసార్లు, ఒకసారి బడి రోజుల్లో, ఇంకోసారి పద్దెనిమిది దాటాక, రెండు వేరు దారుల్లో మారింది. అమ్మకిచ్చిన మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఏది తినాలో నిర్ణయించేది మనిషి నియమం. ఆ నియమం లోపల ఎన్ని రుచులు నేర్చుకోవచ్చో దానికి హద్దు లేదు. మాంసం ముట్టని ఇల్లాలికి కూడా లెబనాన్ వాళ్ళ హమ్ముస్ ఉంది. శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి, అన్నీ ఆమె వంటింట్లో ఉన్నవే. కిమ్చీలో తరచుగా చేపల రసమో ఎండు రొయ్యో పడుతుంది కాబట్టి అది అడిగి తినాలి. ఆ ఎర్రటి కిమ్చీకీ మన ఆవకాయకీ కారం వచ్చింది ఒకే ఖండం నుంచి.

మరో అభ్యంతరం శుభ్రతది. ఇది పూర్తిగా సబబైన జాగ్రత్త. హైదరాబాదులో మోమోలు తిని జనం ఆసుపత్రి పాలయ్యాక, 2024 అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనీజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. హోటలు గోడ మీద ఆహార భద్రత లైసెన్సు ఉందో లేదో చూడటం, వేడిగా వండి వడ్డిస్తున్నారో లేదో గమనించడం, నిలవ సాస్‌లు వద్దనడం ప్రతి ఒక్కరూ చేయాలి. కానీ ఈ ప్రమాదం తెలిసిన తిండిలో కూడా అంతే ఉంది. ఎండలో నిలిచిన కొబ్బరి చట్నీ, మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో వేగిన మిర్చి బజ్జీ ఎవరినీ వదిలిపెట్టవు. శుభ్రత మీద జాగ్రత్త వేరు, కొత్తదనం మీద జంకు వేరు. ఆ రెంటినీ కలిపి ఇల్లాలిని ఇంట్లో కూచోబెట్టడం అన్యాయం. పాలు అరగనివాళ్ళు, వేరుశనగకో రొయ్యకో అలర్జీ ఉన్నవాళ్ళు తమ హద్దులు దాటకూడదు. తిండి మీద భయం ఒంటిని కుంగదీసేంతగా ముదిరితే అది వైద్యుడు చూడాల్సిన జబ్బు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దాన్ని తన జాబితాలో చేర్చింది. ఈ వ్యాసం మాట్లాడేది వీళ్ళెవరి గురించీ కాదు. ఆరోగ్యం ఉండి, ఆశ ఉండి, ‘పడదు’ అన్న మాట విని వెనక్కి తగ్గినవాళ్ళ గురించి.

ఇల్లాలు వెనక్కి తగ్గడానికి నాలుక ఒక్కటే కారణం కూడా కాదు. కూర ఎలా కుదిరిందని వండినావిడ అందరినీ అడుగుతుంది. ఆమెకు ఏం తినాలనుందో అడిగేవాళ్ళు తక్కువ. చాలా ఇళ్ళలో ఇప్పటికీ ఆమె ఆఖరున, మిగిలినదే తింటుంది. అలాంటి మనిషి నూట యాభై పెట్టి తెలియని వంటకం చెప్పి, నచ్చక వదిలేస్తే? డబ్బు దండగ చేసిందన్న మాట నెల రోజులు వినాలి. అందుకే ఇడ్లీ చెప్పుకుంటుంది. దీన్ని ఆమె స్వభావం అనడం తేలిక. నిజానికి అది ఇంట్లో ఆమెకు చోటు లేకపోవడం. దాని వల్ల పోయేది సరదా ఒక్కటే కాదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూత్రాల్లో మొట్టమొదటిది రకరకాల ఆహారం తినమనే. స్త్రీల ఆహారంలో వైవిధ్యాన్ని కొలిచే అంతర్జాతీయ కొలమానం కూడా పది ఆహార వర్గాల్లో రోజుకు కనీసం అయిదు ఉండాలంటుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉంది. కొత్త హోటలు రక్తహీనతను పోగొట్టదు, ఆ భ్రమ ఎవరికీ అక్కర్లేదు. కానీ కంచంలోకి కొత్తది రానివ్వడం నేర్చుకున్న మనిషి ఆకుకూరలోనైనా, చిరుధాన్యంలోనైనా, పండులోనైనా అదే ధైర్యం చూపగలదు. ఆ ధైర్యాన్ని మొగ్గలోనే తుంచడం ఆరోగ్యానికి కూడా చేటు.

బలవంతం కూడా అంతే చేటు. ‘ఏం కాదు, మింగు’ అని పళ్ళెం ముందుకు నెట్టే ఉత్సాహవంతులు ఇప్పుడు ప్రతి కుటుంబంలోనూ ఉన్నారు. 2006లో పెన్సిల్వేనియాలో బర్చ్ తదితరులు బడి ఈడు రాని చిన్న పిల్లలకు సూప్ పెట్టి చేసిన అధ్యయనంలో, ‘పూర్తిగా తాగు’ అని ఒత్తిడి చేసినప్పుడు పిల్లలు తక్కువే తాగారు, ఎక్కువగా విసుక్కున్నారు. పెద్దవాళ్ళకు మాత్రం ఒత్తిడి మీద ఇష్టం పుడుతుందా?

ఆచితూచి తినే మనిషి తనకు తాను పెట్టుకునే సవాలుకు వేగం ఆమే నిర్ణయించుకోవాలి. తెలిసిన రుచి తోడుంటే మనుషులు కొత్తది ముట్టుకోవడానికి ఎక్కువ సిద్ధపడతారని ప్లైనర్ బృందం తర్వాతి అధ్యయనాల్లో తేల్చింది. మన వంట తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఆవిరి కుడుములు తినే మనిషికి కూరగాయల మోమో దగ్గరి చుట్టమే, మయొనీజ్ పక్కన పెట్టి కారం చట్నీతో తింటే సరి. గోధుమ, పప్పు, నెయ్యి, మాంసం కలిసి గంటల తరబడి ఉడికే హలీంలో అన్నీ తెలిసిన సరుకులే. అరబ్బుల నుంచి వచ్చిన ఆ వంటకం హైదరాబాదుది అయిపోయి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. నిజాం సైన్యంలో చేరిన యెమెన్ వాళ్ళ వారసుల పేట బార్కస్. వాళ్ళ దేశపు వంటకం మందీ అక్కడి నుంచి నగరమంతా పాకి, ఇప్పుడు కోస్తా పట్నాల్లో కూడా దొరుకుతోంది. ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూచుని తినే అలవాటును తెలుగు కుటుంబాలు ఎంత తొందరగా నేర్చుకున్నాయో చూస్తూనే ఉన్నాం. వాళ్ళెవరూ చిన్నప్పుడు మందీ తినలేదు.

రద్దీ లేని పూట వెళ్ళాలి. అప్పుడు వడ్డించే అబ్బాయికి అందులో ఏమేం పడతాయో చెప్పే తీరిక ఉంటుంది. తెలిసిన వంటకం ఒకటి చెప్పుకుని, కొత్తది నలుగురికీ కలిపి ఒకటే చెప్పాలి. మొదటి ముద్ద నచ్చకపోతే వదిలేయాలి. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ ఒక ముద్ద. పది ముద్దల తర్వాత కూడా నచ్చకపోతే అది నచ్చనట్టే. ఆ మాట అప్పుడు ఆమె చెప్పాలి, ముందే ఇంకెవరూ చెప్పకూడదు.

కాబట్టి ఇంట్లోవాళ్ళకు ఒక విన్నపం. ఈసారి ఆమె కొత్తది ఏదైనా చెప్పుకుంటానంటే ‘నీకు పడదు’ అనకండి, ‘తిను తిను’ అని వెంటపడకండి. సగం పళ్ళెం మిగిలిపోతే ఆ డబ్బు గురించి ఎత్తకండి. మెనూ కార్డు ముందుగా ఆమె చేతికి ఇవ్వండి.